ఎదురుచూచినవారి ఋణము

పుస్తకమును చదువువానికిని ధారావాహికను చదువువానికిని పెద్ద భేదము కలదు. పుస్తకమును చేతబట్టినవాడు కథాంతమును గూడ చేతనే పట్టుకొని యుండును. ఓపిక నశించినచో కడపటి పుట త్రిప్పి చూచుకొను స్వాతంత్ర్యము వానికి గలదు. ధారావాహికను చదువువానికి అట్టి స్వాతంత్ర్యము లేదు. కథానాయకుడు లోయలోనికి జారుచు ఒక చెట్టువేరును పట్టుకొనుటతో ఆ నెల భాగము ముగిసినచో, మరుసటి సంచిక వచ్చువఱకు పాఠకుడును వానితోపాటు వ్రేలాడవలసినదే. ఆ నడుమ గడచు దినములలో, బడికి పోవు దారిలోను, గొడ్లను చెరువునకు తోలు వేళలోను, నిద్రపట్టని రాత్రులందును, కథను నడుపువాడు పాఠకుడే. ఆ వేరు తెగకుండ కాపాడువాడు, పైనుండి త్రాడు దింపువాడు, త్రాడు పట్టినవాడు మిత్రుడా శత్రువా యని తర్కించువాడు, అన్నియు వాడే. అందుచేత బొమ్మల కథల వరుసలు తమకొఱకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచినవారిని నిరాశపఱచినప్పుడు కలుగు దుఃఖమును పిల్లతనమని త్రోసివేయుట న్యాయము కాదని నా నమ్మకము. ఇంకను గలదని భాగము చివర వ్రాసిననాడే కథకుడు పాఠకుని కాలమును అప్పుగా పుచ్చుకొనుచున్నాడు. ఆ యప్పు ఏ రీతిగా తీరును, తీరనిచో ఎవరికి ఏమి నష్టము అనునదే ఇచట నేను విచారింపదలచిన విషయము.

మా నెల్లికుదురు మానుకోటకును తొఱ్ఱూరునకును నడుమ బస్సుదారిలో నున్నది. 2016 అక్టోబరులో జిల్లాలను విభజింపక పూర్వము ఇది వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఒక మండల కేంద్రము. వరియు మిరపయు పత్తియు పండు నేల ఇది; చెరువు నిండిన యేడు ఊరి ముఖము ఒక తీరుగను, నిండని యేడు వేఱొక తీరుగను ఉండును. ఇట్టి పల్లెకు పిల్లల మాసపత్రిక రావలెనన్న, మానుకోట స్టేషనులో రైలు దిగినవారో, వరంగల్లునకు పనిమీద పోయినవారో తలచుకొని తేవలెను. వచ్చినది ఒక్క ప్రతియే. దానిని చదువ గోరువారు వాడకట్టునందలి పిల్లలందఱును. అట్ట చినిగి, అంచులు నలిగి, చేతినుండి చేతికి మాఱుచు ఆ సంచిక మరుసటి సంచిక వచ్చునాటికి పుటలు విడిపోయి యుండెడిది. చదువు రానివారికి చదువు వచ్చినవారు బిగ్గరగా చదివి వినిపించెడివారు; విన్నవారు బొమ్మను తాకి చూచి, వీడే ఆ మాంత్రికుడని గుర్తుపట్టెడివారు. కథ యనునది ఒకరి సొత్తు గాక పదుగురి సొత్తైనప్పుడు నిరాశయు పదుగురిదే యగునని నాకు తెలిసినది ఆ వాడకట్టులోనే.

తెలుగువారికి పాశ్చాత్యుల కామిక్స్ వంటి బొమ్మల వరుసలు ఎన్నడును లేవని కాదు. కృష్ణశాస్త్రిగారి కుమారుడైన బుజ్జాయి ‘డుంబు’ను సృష్టించి తెలుగు పిల్లలను అలరించెను, ఆయన చిత్రించిన పంచతంత్ర గాథలు 1960ల దశకములో ఇలస్ట్రేటెడ్ వీక్లీ ద్వారా దేశమంతటికిని చేరెను. అయినను ఆ పద్ధతి మన భాషలో చెట్టై వేళ్లూనలేదు. మా తరమువారికి బొమ్మల కథయనగా చందమామయే. 1947 జులైలో, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుటకు ఒక నెల ముందు, నాగిరెడ్డి చక్రపాణులు తెలుగు తమిళములలో ఆరంభించిన ఆ పత్రికలో బొమ్మ కథకు అలంకారము మాత్రమే కాదు. పుట త్రిప్పినంతనే పిల్లవాని కన్ను ముందుగా బొమ్మపై వ్రాలును. బొమ్మ ప్రశ్న వేయును, దాని క్రింది అక్షరములు సమాధానము చెప్పును. చిత్రా అను పేరుతో ప్రసిద్ధుడైన రాఘవన్, శంకర్ అను పేరుతో ప్రసిద్ధుడైన శివశంకరన్, అట్టమీద వర్ణములు కురిపించిన వడ్డాది పాపయ్య, వీరి కుంచెలు లేనిచో ఆ కథలు సగమే మిగులును.

ఆ పత్రికకు ప్రాణము పోసినది ధారావాహిక. 1952 నుండి సంపాదకత్వ భారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారి క్రింద పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యముగారు, 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు అని పండ్రెండు కథలు వ్రాసిరి. ఆకసమున తోకచుక్క పొడచూపుటయు, సమరసేనుడు నావలెక్కి సముద్రముపై బోవుటయు, ఏకాక్షియు చతుర్నేత్రుడును ఒకరినొకరు మాయలతో గెలువ జూచుటయు, శిఖిముఖి విక్రమకేసరులు అడవులు పట్టి తిరుగుటయు, జయశీలునికి సిద్ధసాధకుడు తోడగుటయు నేటికిని అఱువదేండ్ల వృద్ధులు వేళ్లపై లెక్కించి చెప్పగలరు. అయితే ఈ కథలు వ్రాసినది ఎవరో నాటి పాఠకులలో పెక్కుమందికి తెలియదు. పుటపై ఆయన పేరు అచ్చయ్యెడిది కాదు. పేరు తెలియని మనుష్యుని మాటను నమ్మి లక్షలాది పిల్లలు నెలల తరబడి ఎదురుచూచిరనిన, ఆ నమ్మకము వ్యక్తిపై గాక కథపైననే నిలిచినదని తేలుచున్నది.

ఆ ధారావాహికల నిర్మాణమును పరికించినచో కథకుడు తన ఋణమును ఎంత జాగరూకతతో మోసెనో బోధపడును. ప్రతి భాగమునకు ముందు, జరిగిన కథ నాలుగు వాక్యములలో చెప్పబడి యుండును. గత సంచిక చేజిక్కని పిల్లవానికి అన్యాయము కాగూడదనునదే దాని యుద్దేశము. పిమ్మట, గత నెల నిలిచిన ఆపద మొదటి పుటలోనే విడిపోవును. నెలనాళ్లు ఎదురుచూచినవానికి ఆ తీర్పు చేతికిచ్చిన తరువాతనే కథకుడు క్రొత్త చిక్కు అల్లుట కారంభించి, కడపటి పుటకు దానిని బిగించును. ఇట్లు ప్రతి నెల పాత బాకీ తీర్చి క్రొత్త బాకీ చేయుచు ఏడాదియో ఏడాదిన్నరయో నడచి, చివరకు మంచివాడు ఇల్లు చేరగా, దుష్టుడు తన మాయకు తానే బలికాగా, కథ ముగియును. కథ ముగిసిన నెలలో పిల్లలకు కలుగు దుఃఖమున తృప్తి కలదు. ఏమనగా వారికి రావలసినది వచ్చినది.

ఆ పత్రికలోనే దీనికి భిన్నమైన మఱియొక వరుస గలదు. సంస్కృతమున బేతాళ కథలు ఇరువదియైదు మాత్రమే. చందమామలో అవి దశాబ్దములు సాగినవి. విక్రమార్కుడు చెట్టెక్కి శవమును దింపి భుజమున వైచుకొనుటయు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేసి, సమాధానము తెలిసియు చెప్పనిచో తల పగులునని హెచ్చరించుటయు, రాజు నోరు విప్పగానే శవము మఱల చెట్టునకు చేరుటయు నెలనెల జరుగు తంతు. అంతము లేని వరుస అది. అయినను అది నిరాశపఱచినదని ఎవరును అనగా నేను వినలేదు. కారణమేమి? ఆ నెల కథ ఆ నెలలోనే పూర్తి యగుచుండెను. ప్రశ్న వేసిన పుటకు ఎదుటనే సమాధానము దొరకెడిది. ఒక వరుస దీర్ఘముగా సాగుట తప్పు కాదు, అంతము లేకుండుటయు తప్పు కాదు. తీసికొన్న కాలమునకు ఎప్పటికప్పుడు బదులు చెల్లించుచున్నంతవఱకు పాఠకుడు ఎంత దూరమైనను వెంట నడచును. బేతాళుని హెచ్చరికను నేను కథకులకే అన్వయింపగోరుదును: తెలిసియు సమాధానము చెప్పని కథకుని తల నిజముగా పగులదు గాని, వాని కథపై నమ్మకము మాత్రము పగులును.

ఈ నమ్మకమును గూర్చి మా ప్రాంతమునకు పూర్వమునుండి తెలియును. జనగామకు సమీపముననున్న చేర్యాల, నేడు సిద్ధిపేట జిల్లాలోనిదైనను నిన్నమొన్నటివఱకు మా వరంగల్లు జిల్లాలోనిదే. అచటి నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజియు సుద్దయు చింతగింజల అంబలియు పట్టించి, ఎఱ్ఱని నేలపై గళ్లుగళ్లుగా బొమ్మలు వ్రాసి, మూరల కొలది పొడవైన పటములను చేసెడివారు. గడికిని గడికిని నడుమ పూలతీగ అంచు. ఒక్కొక్క గడిలో కథలోని ఒక్కొక్క ఘట్టము. కామిక్స్ పుస్తకము మన దేశమునకు రాకముందే మా ఊళ్లలో బొమ్మల వరుసగా కథ చదువు విద్య వర్ధిల్లినదనుటకు ఈ పటములే సాక్ష్యము. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణమును చెప్పుచు, గ్రామగ్రామము తిరుగుచు, పటమును పైనుండి క్రిందికి విప్పుచు రాత్రుల తరబడి గానము చేసెడివారు. ధాన్యమును బట్టలును వారికి హక్కుగా ముట్టెడివి.

ఆ కథ ఒక్క రాత్రిలో తెమలదు. తెల్లవాఱుజామున పటము చుట్టి, మరునాటి రాత్రి ఏ ఘట్టము వచ్చునో సూచించి కథకుడు విశ్రమించును. కాని మంగళము పాడక ఊరు విడిచిపోవుట లేదు. వినువారికిని మంగళము వినక లేచిపోవుట శుభము కాదు. ఉభయులును ఒకరికొకరు కట్టుబడి యుందురు. ఇచట అంతము అందఱికిని ముందే తెలిసినదే. అయినను నిరాశ లేదు, ఏమనగా వారు ఎదురుచూచినది ఏమి జరుగునోయని కాదు, తమ కులపురుషుని గాథ తమ వాకిట మఱల పూర్తిగా పలుకబడవలెనని. ఆ పటము చిరకాలము వాడబడి శిథిలమైనప్పుడు దానిని చెత్తలో పాఱవేయక నదిలో సంప్రదాయముగా నిమజ్జనము చేసెడివారు. కథకు మాత్రమే గాక కథను మోసిన గుడ్డకు గూడ అంత్యసంస్కారము చేయు సంస్కారము ఆ నాటివారిది. ఈ మర్యాదను కొలబద్దగా పెట్టుకొని చూచినప్పుడే అచ్చు పత్రికల కాలములో జరిగిన లోపము ఎంతటిదో నాకు స్పష్టమగుచున్నది.

చక్రపాణిగారు 1975లో దివంగతులైరి. చిత్రా 1978లో, కుటుంబరావుగారు 1980లో కన్నుమూసిరి. ఆ సంధికాలముననే దాసరివారి జానపద ధారావాహికల వరుసయు ఆగిపోయి, ఆ పుటలలో పురాణగాథలు స్థానము నాక్రమించెను. పురాణమునందు లోపమున్నదని నేనన జాలను. కుటుంబరావుగారి కలమున రామాయణ భారతములు సులభమైన తెలుగులో వెలువడుటయు చందమామ చేసిన మహోపకారములలో నొకటి. కాని ఎదురుచూపునకు ఒక స్వభావము గలదు. నెలనాళ్లు మనసును పట్టి యుంచుటకు తెలియనిది ఏదో యొకటి యుండవలెను. హనుమంతుడు సముద్రమును దాటునో దాటడోయని సందేహించు పిల్లవాడు తెలుగునాట ఉండడు. పటము విప్పి రాత్రియంతయు పాడినప్పుడు తెలిసిన కథయే అమృతమగును, అచట కంఠము గలదు, చుట్టును బంధువులు గలరు, దేవత సన్నిధి గలదు. ఒంటరిగా కూర్చుండి పుట త్రిప్పువానికి ముప్పది దినముల యెడమున ఆ తెలిసిన కథనే ముక్కలుచేసి పంచినచో, వాడు చదువును గాని ఎదురుచూడడు. భయంకరమైన అడవిని చూపి, దారి చూపుచున్న వాని చేతినుండి దివిటీ తీసికొని, ఇక రాజమార్గముననే నడువుమన్నట్లు ఆ మార్పు మాకు తోచెను. చిత్రమేమనగా ఆ దివిటీ పట్టినవాడు ఎచటికిని పోలేదు. దాసరివారు అటు తరువాతను చిరకాలము ఆ కార్యాలయముననే పనిచేసిరి. వ్రాయగలవాడు ఉండియు, చదువగోరువారు ఉండియు, నడుమ కథ లేకపోవుటను మించిన నష్టము పత్రికకు ఏమి గలదు?

ఇది మొదటి నిరాశ. రెండవది అంతకంటె కఠినమైనది. పదికి మించిన భాషలలో వెలువడి దేశమంతటను ఇంటింటి పేరైన ఆ పత్రిక 1998లో ఆగిపోయి, మరుసటి యేడు మఱల ప్రాణము పోసికొనెను. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అను సంస్థ చేతికి మాఱెను. 2013లో ముద్రణము పూర్తిగా నిలిచిపోయెను. ఆ సంస్థ అప్పులు తీర్పలేక న్యాయస్థానముల పాలయ్యెను. అప్పిచ్చినవారి లెక్కలు న్యాయస్థానపు కాగితములలో ఒక్కొక్క రూపాయి వఱకు నమోదై యుండును. పాఠకుల లెక్క ఏ కాగితమునందును లేదు. తాత చదివి తండ్రికిచ్చి, తండ్రి చదివి కుమారునికిచ్చిన అఱువదియైదేండ్ల అలవాటునకు తగిన వీడ్కోలు మాట వారికి అందలేదు. విక్రమార్కుడు శవమును భుజముననే మోయుచు శ్మశానపు దారిలో నిలిచిపోయెను. ఆతడు ఎప్పటికైన ఇల్లు చేరునని చెప్పువాడు లేడు. తాను గీసిన ఆ రాజు బొమ్మతోనే దేశమునకు పరిచితుడైన శంకర్ 2020లో తొంబదియాఱేండ్ల వయసున పరమపదించెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మశ్రీ నిచ్చినది. చిత్రకారునికి దక్కిన ఆ గౌరవము ఆయన చిత్రించిన కథకు దక్కలేదు.

ఈ బాధ తెలుగువారికి మాత్రమే పరిమితమైనది కాదు. 1964 నుండి ఫాంటమ్, మాండ్రేక్ కథలను భారతీయ బాలుర కందించిన ఇంద్రజాల్ కామిక్స్ 1990లో ఆగినప్పుడు, రైలుస్టేషను అంగళ్లలో వానికొఱకు వెదకి వట్టిచేతులతో మరలినవారు దేశమంతటను గలరు. బెల్జియమునందు టిన్‌టిన్ అను బాలవిలేఖరిని 1929లో సృష్టించిన ఎర్జే 1983లో మరణించునాటికి ఒక కథ సగములో నుండెను; దుష్టులు టిన్‌టిన్‌ను తుపాకితో బెదరించి, ద్రవములో పోతపోసి విగ్రహముగా మార్చుటకు నడిపించుకొని పోవుచుండిరి. తన తరువాత వేఱెవ్వరును ఆ పాత్రతో క్రొత్త కథ వ్రాయరాదని ఆయన అభీష్టము. ఆ చిత్తుబొమ్మలను 1986లో ఉన్నవి యున్నట్లుగనే అచ్చువేసిరి. చదువరి ఆ కడపటి గీతవద్ద నిలిచిపోవును, దుఃఖించును, కాని మోసపోతినని తలంపడు. మృత్యువు చేత నిలిచిన కథ అప్పు ఎగవేసినది కాదు. ఉన్నదంతయు పాఠకుని ముందు పెట్టి, ఇంతకుమించి లేదని నిజము చెప్పినది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము అమెరికాలో గలదు. 1988లో బాట్‌మాన్ కథలను ప్రకటించు డీసీ కామిక్స్‌వారు, ఆతని అనుచరుడైన రాబిన్ బ్రతుకవలెనా మరణింపవలెనా యని పాఠకులనే టెలిఫోను ద్వారా అడిగిరి. చావునకు 5,343 ఓట్లును, బ్రతుకునకు 5,271 ఓట్లును వచ్చెను. డెబ్బదిరెండు ఓట్ల తేడాతో ఆ పిల్లవాడు కథలో చంపబడెను. 1992లో సూపర్‌మాన్‌ను చంపిరి. లక్షలాది ప్రతులు అమ్ముడుపోయెను. మరుసటి యేడు ఆతడు తిరిగి లేచి వచ్చెను. 2005లో ఆ రాబిన్ గూడ తిరిగి వచ్చెను. చచ్చినవారు తిరిగి వచ్చుట మన పురాణములకు క్రొత్త కాదు. సావిత్రి తన భర్తను యముని వెంటబడి తెచ్చుకొనలేదా? కాని సావిత్రి కథలో ఆ ప్రాణమునకు ఒక మూల్యము చెల్లింపబడినది; తపస్సు గలదు, వాదము గలదు, వెంట నడచిన దూరము గలదు. ఈ కథలందు కన్నీరు కార్చినవాని కన్నీటిని అమ్మకపు సరకుగా వాడుకొని, పిమ్మట దానికి కారణమే లేకుండ చేసిరి. ఒకసారి ఇట్లు జరిగిన తరువాత ఏ పాత్ర చచ్చినను పాఠకుని గుండె చలింపదు. వాని ఎదురుచూపు మొద్దువాఱును. నా దృష్టిలో ధారావాహిక చేయగల అపచారములలో ఇది మిక్కిలి పెద్దది. కథ ఆగిపోవుట కంటెను, పాఠకుని హృదయము నమ్ముట మానివేయుట ఘోరము.

మఱి ఆపుటను గూర్చి ఏమందుము? బిల్ వాటర్సన్ అను అమెరికా చిత్రకారుడు 1985లో మొదలిడిన కాల్విన్ అను అల్లరి బాలుని కథలను, కీర్తి శిఖరమున నుండగనే 1995 డిసెంబరు 31న తానే ముగించెను. కోరినంత ధనము వచ్చునని తెలిసియు, చెప్పవలసినది చెప్పితినని నిశ్చయించుకొని లేచిపోయెను. పాఠకులు విలపించిరి, అయినను నేటికిని ఆయనయెడల వారికి కృతజ్ఞతయే గాని ఫిర్యాదు లేదు. కావున పాఠకుని దుఃఖమునంతటిని ఒక్క గాటనే కట్టరాదు. ముగింపువలన కలుగు దుఃఖము ప్రేమలోని భాగము. మరణమువలన కలుగునది విధివశము. పత్రిక ఆర్థికముగా కూలుటవలన కలుగునది క్షమింపదగిన దౌర్భాగ్యము. ఎదురుచూచువారిని తలంపక ఆపివేయుటవలననో, ఎదురుచూపునే దోచుకొనుటవలననో కలుగునది మాత్రము అన్యాయము. ఈ నాల్గింటికిని పాఠకుని కన్నీరు ఒక్కటే యైనను, కథకుని బాధ్యత వేఱువేఱు.

కొందఱు పెద్దలు ఒక వాదము చేయుదురు. పత్రిక మాఱలేదు, మాఱినది నీవే. పండ్రెండేండ్ల వయసున అద్భుతముగా తోచినది నలువదేండ్ల వయసున చప్పనగుట సహజము గదా యని. ఇందు కొంత సత్యము గలదు. బాల్యము గడచిన పిమ్మట ఏ కథయు ఆ వెలుగుతో మఱల రాదు. కాని ఆ వాదమే పూర్ణసత్యమైనచో, దాసరివారి పాత ధారావాహికలను తరువాతి కాలమున సికింద్రాబాదునందలి మంచిపుస్తకమువారు పుస్తకములుగా ప్రకటించినప్పుడు, తల నెఱసినవారు వానిని కొని, మనుమలకు చదివి వినిపించుటకు అవకాశమెచటిది? మనుమలు గూడ ఏకాక్షి పేరు వినగానే దగ్గఱకు జరిగి కూర్చుండుట నేను చూచితిని. వారికి పాత జ్ఞాపకములు లేవు. బాల్యముపై బెంగ లేదు. కథలో పట్టున్నందుననే వారు కదలక కూర్చుండిరి. 2010 జనవరిలో దాసరివారు విజయవాడలో గతించిరి. తమ బాల్యమును నడిపించిన కథకుని పేరును పలువురు ప్రథమముగ తెలిసికొన్నది ఆయన వార్ధక్యముననో మరణానంతరముననో యగుట మన సాహిత్య జీవితమునకు శోభ కాదు.

పిల్లల అభిరుచిని తక్కువగా నెంచువారికి నేను చెప్పదలచినది వేఱొకటి గలదు. మా వాడకట్టులో ఒక్కొక్కప్పుడు నడుమ సంచిక దొరకెడిది కాదు. ఎవరో చుట్టమింటికి తీసికొనిపోయెడివారు, వానకు తడిసెడిది, లేదా ఆ నెల ఎవరును మానుకోటకు పోయెడివారు కారు. అప్పుడు పెద్దపిల్లలలో ఒకడు, ముందు భాగమును తరువాతి భాగమును చూచి, నడుమ జరిగియుండవలసిన దానిని ఊహించి చెప్పెడివాడు. విన్నవారు ఊరకుండరు. అంత సులభముగా వాడు చెఱనుండి తప్పించుకొనడని ఒకడు, ఆ ముసలివాడు మొదట మాట యిచ్చినాడు గదా అది ఏమైనదని మఱియొకడు నిలదీసెడివారు. కథలో ఇచ్చిన మాటను కథ నిలుపుకొనవలెనను ధర్మమును ఆ పిల్లలకు ఎవరును బోధింపలేదు. విమర్శగ్రంథములు వారు చదివినవారు కారు. ఎదురుచూపే వారికి ఆ వివేకమును నేర్పినది. నెలనాళ్లు ఒక చిక్కుముడిని మనసులో త్రిప్పిత్రిప్పి చూచినవానికి, దానిని న్యాయముగా విప్పుటకును కోసి పాఱవేయుటకును గల భేదము వెంటనే కనబడును. ధారావాహిక పాఠకుడు నిరాశ పొందినప్పుడు, ఆ నిరాశలో ఆశ ఎంత గలదో విమర్శయు అంత గలదు. దానిని వినని కథకుడు తనకు లభించిన మిక్కిలి శ్రద్ధగల విమర్శకుని పోగొట్టుకొనుచున్నాడు.

నేడు పిల్లల చేతికి పత్రిక బదులు ఫోను వచ్చినది. బొమ్మ కదలుచున్నది, కథ నెలకొకసారి గాక దినమునకొకసారి వచ్చుచున్నది. చూచువారు తగ్గినచో ఒక్క మాటయైన చెప్పక నడుమనే మాయమగుచున్నది. మాధ్యమము మాఱినను ఋణస్వరూపము మాఱలేదు. కావున బొమ్మల కథల వరుసను మొదలిడు రచయితలను, చిత్రకారులను, ప్రకాశకులను నేను కోరునది స్వల్పము. మొదటి భాగమును వెలువరించుటకు ముందే కథ ఎచట చేరవలెనో నిశ్చయించుకొనుడు. ఆపద నుంచిన చోటునే దానికి పరిహారమును గూడ తలంచుకొనుడు. పాత్రలను చంపినచో ఆ చావునకు విలువ నుంచుడు. బ్రతికించినచో ఆ బ్రతుకునకు మూల్యము చెల్లించుడు. వ్రాసినవాని పేరును గీసినవాని పేరును పుటపై అచ్చువేయుడు, ఎవరి మాటను నమ్ముచున్నారో పిల్లలకు తెలియుట ధర్మము. ఇవి యన్నియు చేసియు, ధనము చాలకయో, ఆరోగ్యము తప్పియో, పాఠకులు తగ్గియో వరుసను నిలుపవలసివచ్చినచో, నిలుపుడు. దానికి మిమ్మెవరును నిందింపరు. కాని నిలుపుటకు ముందు ఒక్క పుట ముద్రింపుడు. ఆ పుటలో, లోయలో వ్రేలాడుచున్నవాడు పైకెక్కెనా లేదా, ఇల్లు చేరెనా లేదా అను రెండు మాటలు వ్రాయుడు. బొమ్మ లేకపోయినను సరియే, రంగులు లేకపోయినను సరియే. చేర్యాల పటము పట్టి ఊరూర తిరిగిన పేద కథకుడు మంగళము పాడక మా వాకిలి విడువలేదు. అచ్చుయంత్రములును లక్షల ప్రతులును గలవారికి ఆపాటి మర్యాద అసాధ్యము కాదు.